ట్రూడీ కొనుక్కున్న చొక్కా

టొలీడో ఊళ్లో మా పాత సామాన్ల దుకాణం ఒకప్పుడు సూపర్‌మార్కెట్. ఈ కొసన నిలబడితే ఆ కొసనున్న మనిషి మొహం ఆనదు. జనం ఇచ్చేసిన బట్టలూ గిన్నెలూ సోఫాలూ అన్నీ అక్కడికే వస్తాయి. పదకొండేళ్లుగా బట్టల్ని రంగుల వారీగా తగిలించే పని నాది.

ట్రూడీ హెస్ మొదటిసారి వచ్చినప్పుడు దొంగేమో అనుకున్నాను. నలభై ఆరేళ్ల మనిషి, జనవరి మంచులో ఇంట్లో తొడుక్కునే చెప్పులతో వచ్చింది. లోపలికి రాగానే బట్టలకేసి కాక వెనక తలుపు ఎక్కడుందా అని చూసింది. ముందు తలుపు గంట మోగినప్పుడల్లా కోట్ల వరుస వెనక్కి నక్కేది. దగ్గరికెళ్లి ఏం కావాలని అడిగితే, మర్నాడు ఒక బడి వంటగదిలో ఉద్యోగం అడగడానికి వెళ్లాలి, చొక్కా కావాలంది. సైజెంత అన్నాను.

“తెలీదక్కా. అన్నీ మా ఆయనే తెచ్చేవాడు.”

ఇరవై రెండేళ్ల కాపురంలో ఆమె తనకోసం ఒక్క గుడ్డ ఎంచుకోలేదు. భర్త వేన్ తెచ్చింది కట్టుకోవడం, కొడితే పడటం. వారం కిందటే లైమా అనే ఊళ్లో ఇల్లు విడిచి, మా వీధి చివరి మహిళల శరణాలయానికి చేరిందట. ఇదంతా ఆమె నాకు తర్వాతెప్పుడో చెప్పింది. ఆ రోజు పేరు తప్ప నేనింకేమీ అడగలేదు. కొలతకు సరిపడేలా ఉన్న నాలుగు చొక్కాలు తీసిచ్చి, వేసి చూసుకోమని బట్టలు మార్చుకునే గదిలోకి పంపాను.

కాసేపటికి తలుపు తట్టాను. కింది సందులోంచి చూస్తే కాళ్లు కనబడలేదు.

“ట్రూడీ, లోపలున్నావా తల్లీ?”

“వచ్చాడు,” అంది గుసగుసగా. “ఆ దగ్గు ఆయనదే.”

కాళ్లు కనబడకుండా బల్లమీదికెక్కి ముడుచుకు కూర్చుందన్నమాట. పనిముట్ల వరుసలో నిజంగానే ఎవరో దగ్గుతున్నారు. హ్యాంగర్ల బండి తోసుకుంటూ అటు వెళ్లాను. డెబ్బై ఏళ్ల బట్టతల ముసలాయన, చెవిలో మిషన్, చేతిలో పాత డ్రిల్లు. తిరిగొచ్చి అదే చెప్పాను.

“జుట్టు లేదా?” అని మూడుసార్లు అడిగింది. అయినా దిగలేదు. ముసలాయన తీరిగ్గా బేరం చూసుకుని వెళ్లేదాకా, ముప్పావుగంట, నేనూ ఆ తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాను. చెక్క వణకడం నా వీపుకు తెలుస్తూనే ఉంది.

బయటికొచ్చాక, నాలుగింట్లో ఏది నచ్చిందన్నాను. ఏది తీసుకోమంటారంది. నేను చెప్పనన్నాను. చివరికి ఆకుపచ్చది పట్టుకుంది. ఆమెను వెనక గోదాములోంచి, సంచుల గుట్టల మధ్యగా బయటికి పంపించాను.

బడిలో ఉద్యోగం దొరికింది. వేన్ ఇంతవరకు ఈ ఊరు రాలేదు. వచ్చాడేమో, మాకు తెలియదు. ట్రూడీ మాత్రం నెలకోసారి వస్తుంది. బట్టలు ఏరుకోవడంలో ఇప్పుడు నాకే సలహాలిస్తుంది. వేసి చూసుకోవాలంటే మాత్రం నన్ను తలుపు దగ్గర నిలబెట్టి, మధ్యమధ్య లోపల్నుంచి పిలుస్తుంది. ఉన్నానంటాను.