ఒక్క నిమిషం హాల్టు

ప్యాసింజరుగారికి ఉన్న జబ్బల్లా ఒక్కటే. ఆయన కారును కారులా నడపలేరు, రైలులా నడుపుతారు.

ఉద్యోగమంతా ప్యాసింజరు రైలింజను మీదే గడిపిన మనిషి, అందుకే వీధిలో ఆ పేరు. రిటైరయ్యాక పడక్కుర్చీలో వాలి హాయిగా పేపరు చదువుకుంటారని భార్య ఆశపడింది. వీధిలో అందరూ ఆవిణ్ణి పిన్నిగారంటారు. ఆవిడ ఆశ ఆశగానే ఉండగా ఆయన ఓ మోస్తరు సైజు ఎస్‌యూవీ కొని తెచ్చి గుమ్మం ముందు నిలబెట్టారు.

"ఇద్దరం మనుషులం. ఇంత బండి ఎందుకండీ?"

"ఇంతేమిటే, ఇది పిల్ల. నేను నడిపినదానికి ఇరవై పెట్టెలుండేవి."

ఆ లెక్కన నిజంగానే పిల్ల కాబట్టి పిన్నిగారు కుంకుమ భరిణె తెచ్చి దానికి బొట్టు పెట్టింది.

అసలు కష్టాలు బండి కదిలాక మొదలయ్యాయి. బయల్దేరే ముందు రెండు హారన్లు కొట్టాలి. ఎక్కడానికి ఒక చెక్కపీట వేస్తారు, దాని పేరు ప్లాట్‌ఫారం. పిన్నిగారు ఆయనకంటే బెత్తెడు పొడుగు. "నాకెందుకండీ ఈ పీట?" అంటే, "ప్లాట్‌ఫారం లేని బండి ఎక్కడైనా చూశావా?" అంటారు. ఇక వెనక్కి నడపాలంటే గార్డు జెండా ఊపాల్సిందే. గార్డెవరు? ఇంకెవరు! పిన్నిగారే దిగి, బండి వెనక నిలబడి, పచ్చగుడ్డ ఊపాలి.

"వెనకున్నదంతా ఆ బుల్లి టీవీలో కనబడుతూనే ఉందిగా!"

"టీవీని నమ్మి రైలు వెనక్కి నడుపుతారుటే?"

వీధి వీధంతా కిటికీల్లోంచి చూసి నవ్వుకునేది. పిన్నిగారికి తల కొట్టేసినట్టయ్యేది.

అన్నిటికంటే ఘోరం హాల్టులు. మలుపులో నీలం గేటు దగ్గర ఒకటి, పెద్దరోడ్డు మీద బట్టల దుకాణం ముందు ఒకటి. ఆదివారం పూట దుకాణం మూసి ఉంటుంది, గేటు దగ్గర పిల్లి కూడా ఉండదు. అయినా బండి ఆగి, ఒక్క నిమిషం నిలబడి, హారన్ కొట్టి మరీ కదులుతుంది.

"ఎవరూ ఎక్కనప్పుడు ఎందుకండీ ఆగడం?"

"మనుషులున్నారా లేరా అని చూసి ఆగేది అద్దెకారు. రైలు ఆగాల్సిన చోట ఆగుతుంది."

పిన్నిగారు ఆ బండెక్కేది ఆదివారాలే. మిగతా రోజుల్లో పొద్దున్నే ఆయనొక్కరే ఒక ట్రిప్పు వేసొచ్చేవారు. వెనక సీటు దులిపితే ఆవిడకి రంగురంగుల దారప్పోగులు దొరికేవి, ఓసారి చొక్కా గుండీ కూడా దొరికింది. అదేమిటంటే, "ప్యాసింజరు బండన్నాక చెత్త ఉండదూ?" అని పేపరు అడ్డం పెట్టుకునేవారు.

అలా ఉండగా పిన్నిగారి అక్క బుధవారం రైల్లో వస్తున్నానని ఫోను చేసింది. అక్క నోటికి జడవనివాళ్లు ఆ కుటుంబంలో ఇంకా పుట్టలేదు. "రైలు నడిపిన మొగుణ్ణి పెట్టుకుని, వచ్చినప్పుడల్లా నన్ను స్టేషన్లో పడిగాపులు కాయిస్తావు. ఈసారీ ఆలస్యమైతే వచ్చిన బండిలోనే వెనక్కి పోతా, మళ్లీ నీ గడప తొక్కను!" అని ముందే చెప్పేసింది.

ఆ పొద్దున పిన్నిగారు బండెక్కుతూనే తీర్పు చెప్పేసింది. "ఇవాళ హాల్టుల్లేవు. ఎక్కడ ఆగినా సాయంత్రానికి బండి అమ్మేద్దాం."

"ఆ నీలం గేటు దగ్గర ఒక్కటీ..."

"ఒక్కటీ లేదు, అరా లేదు!"

ఆయన వాచీ చూసుకున్నారు. "సరే. నాన్‌స్టాప్" అన్నారు నీరసంగా. పచ్చగుడ్డ కనబడితే ఒళ్లు మండి, ఆవిడ దాన్నీ తన సంచిలో కుక్కేసింది.

నీలం గేటు దగ్గర టైలరమ్మ నిలబడి ఉంది. వీధిలో అందరికీ, పెద్దరోడ్డు మీది దుకాణానికీ బట్టలు కుట్టే పెద్దావిడ. మోకాళ్లు అరిగాయి గాని మాట పదును తగ్గలేదు. ఒకసారి పిన్నిగారే, "మా బండిలో దింపుతాం రండి" అని పిలిస్తే, "నడిస్తే నొప్పి, ఊరికే ఎక్కితే మొహమాటం. నొప్పే నయం" అని కుంటుకుంటూ వెళ్లిపోయింది.

బండిని చూడగానే టైలరమ్మ బట్టలమూట చంకనెత్తుకుని రోడ్డు అంచుకు జరిగింది. బండి ఆగలేదు. పిన్నిగారు అద్దంలో చూస్తుండగా ఆవిడ మూట దించి, గోడకు చేరగిలబడింది.

దారప్పోగులు, గుండీ, పీట, బట్టల దుకాణం, అన్నీ పిన్నిగారి బుర్రలో ఒక్కసారిగా కలిశాయి.

"రోజూ ఎక్కుతుందా?"

"దుకాణం తెరిచిన ప్రతిరోజూ."

"నేను పిలిస్తే రాలేదే!"

"నువ్వు సాయం చేస్తానన్నావు. ఆవిడకి సాయమంటే ఒళ్లుమంట. నేనేమీ అనలేదు. రోజూ ఆగి, హారన్ కొట్టి పోయేవాణ్ణి. కొన్నాళ్లకి తనే వచ్చి, 'ఈ బండి బట్టల దుకాణం మీదుగా పోతుందా?' అంది. పోతుందన్నాను. రైలెక్కినవాళ్లు డ్రైవరుకి ఋణపడతారుటే?"

"నాకైనా చెప్పొచ్చుగా!"

"నీకు చెబితే వీధికి చెబుతావు. వీధికి తెలిస్తే ఆవిడ ఎక్కదు."

పిన్నిగారికి కోపం రావాల్సింది. కాని అది పచ్చినిజం కావడంచేత రాలేదు. పైగా ఆ మొండిమనిషి మీద ఎక్కడలేని ముద్దొచ్చింది.

"ఆపండి బండి!"

"నాన్‌స్టాప్ అన్నావుగా?"

"ఆపండంటుంటే! వెనక్కి పోనివ్వండి!"

"గార్డు జెండా ఊపందే..."

ఆవిడ అప్పటికే దిగిపోయింది. సంచిలోంచి పచ్చగుడ్డ లాగి, నడివీధిలో నిలబడి, కిటికీలన్నీ ఒక్కొక్కటే తెరుచుకుంటున్నా లెక్కచెయ్యకుండా చెయ్యి పైకెత్తి ఊపింది. బండి బుద్ధిగా వెనక్కి వచ్చి నీలం గేటు దగ్గర ఆగింది. పీట కూడా ఆవిడే వేసింది.

"ఇవాళ బండి లేటు" అంది టైలరమ్మ ఎక్కుతూ, కటువుగా.

"సిగ్నల్ దొరకలేదండీ" అంది పిన్నిగారు వినయంగా.

ప్యాసింజరుగారు గొంతు సవరించుకున్నారు. "మరి, అమ్మకం సంగతి..."

"ముందు హారన్ కొట్టండి. రెండుసార్లు."

స్టేషన్లో అక్క పెట్టె మీద కూర్చుని నిప్పులు కక్కుతోంది. వెనక్కి పోదామంటే, తను వచ్చిన రైలు తనకోసం ఆగకుండా వెళ్లిపోయింది. గత్యంతరం లేక ఎస్‌యూవీ ఎక్కి, దారి పొడవునా చెల్లెల్ని చెడామడా తిడుతూనే ఉంది. బట్టల దుకాణం ముందు బండి ఆగింది. అరుగు మీద టైలరమ్మ కొత్త మూటతో లేచి నిలబడింది.

"ఇక్కడెందుకాపాడే మీ ఆయన?" అని గదిమింది అక్క.

పిన్నిగారు పీట పట్టుకుని దిగింది. "హాల్టు అక్కా, ఒక్క నిమిషమే. కాస్త అవతలికి జరుగు, ప్యాసింజర్లు ఎక్కాలి."