మూడో స్తంభం కింద

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, ఒక ఫిబ్రవరిలో, నన్ను నందిగామ ప్రాంతానికి ఒక వంతెన తనిఖీ కోసం పంపారు. ప్రభుత్వ ఇంజనీరింగ్ పరిశోధన విభాగంలో నాది నీటి అడుగు ఫొటోగ్రాఫర్ ఉద్యోగం. ఆ హోదా వినగానే, చేపలకు ఫొటోలు తీస్తారా అని అడిగేవారు చాలామంది. నేను తీసిందల్లా కాంక్రీటు, తుప్పు, నాచు. ఆనకట్టల తలుపులు, వంతెనల స్తంభాలు నీళ్లలో మునిగిన మేరకు ఎలా ఉన్నాయో ఫొటోల్లో ఇంజనీర్లకు చూపించాలి. అదే పని.

వత్సవాయి వైపు దారిలో వాగు మీద ఉండే ఆ పాత వంతెన పేరు ఇక్కడ అవసరం లేదు. దిగువన కట్టిన చెక్‌డ్యామ్ వల్ల దాని కింద ఎండాకాలంలో కూడా రెండు నిలువుల నీళ్లుంటాయి. పైన జగ్గయ్యపేట బస్సులు, పత్తి లారీలు, కాలేజీ పిల్లల ఆటోలు పొద్దస్తమానం తిరుగుతుంటాయి.

ఆ సెక్షన్ బాధ్యత చూసే అసిస్టెంట్ ఇంజనీరు ప్రమీల. ముప్పై దాటని అమ్మాయి, కొత్తగా వచ్చింది. అంతకుముందు తనిఖీలో ఎవరో తీసిన ఫొటోలు నాకు చూపించింది. ఒక్కొక్కటీ అరచేతి మేర కాంక్రీటు. చక్కగా, స్పష్టంగా ఉన్నాయి. ఎక్కడా పగులు లేదు.

"ఫొటోల్లో అంతా బాగానే ఉందండి. కానీ మూడో స్తంభం మీదకి రాగానే బండి కొంచెం ఎత్తేసినట్టుంటోంది. నా అనుమానమేమో మరి, మీరొకసారి మొత్తం చూడండి" అంది.

మొత్తం చూడాలంటే వెడల్పు లెన్స్ కావాలి. నీళ్లలో లెన్స్‌కీ వస్తువుకీ మధ్య ఎంత నీరుంటే బొమ్మ అంత మసకబారుతుంది. వాగు నీళ్లలో బారెడు దూరం వెళ్తే ఏమీ కనపడదు. మామూలు లెన్స్‌తో దగ్గరకి జరిగితే చిన్న ముక్కే పడుతుంది, వెనక్కి జరిగితే బురద పడుతుంది. వెడల్పు లెన్స్‌తో మూరెడు దూరంలో నిలబడి కూడా గోడంత మేర తీయవచ్చు. దాని ముందు బోర్లించిన గిన్నెలాంటి గాజు గుమ్మటం ఉంటుంది. బల్లపరుపు గాజు పెడితే ఆ వెడల్పు నీళ్లలో కుంచించుకుపోతుంది. ఫ్లాష్ లైట్లు రెండింటినీ లెన్స్‌కి దూరంగా, పక్కలకి చాచి బిగిస్తాం. దగ్గరగా పెడితే మధ్యలో ఉన్న మట్టి రేణువులన్నీ వెలిగి, బొమ్మ మీద నూక చల్లినట్టు కనిపిస్తుంది.

ఉదయం నీళ్లలోకి దిగాను. నా నడుముకి కట్టిన తాడు రెండో కొస ఒడ్డున ఏసుబాబు చేతిలో ఉంది. అతను నా సహోద్యోగి, తనూ డైవరే. మొదటి రెండు స్తంభాలకు చెప్పుకోదగ్గ లోపమేమీ లేదు. మూడోదాని దగ్గర నీళ్లు మరీ చిక్కగా ఉన్నాయి. చేత్తో తడుముకుంటూ, అడుగు అడుగుకీ ఒక ఫొటో తీసుకుంటూ, స్తంభం చుట్టూ తిరుగుతున్నాననే అనుకున్నాను. ఒకచోట వీపు మీద గాలి సిలిండరుకి ఏదో ఠంగున తగిలింది. వరదకు కొట్టుకొచ్చిన దుంగ అనుకుని తల వంచుకుని ముందుకు జరిగాను. పైన ఏదో పెద్ద బండి వెళ్లినట్టుంది, ఆ అదురు నా పక్కటెముకల్లో తెలిసింది. మరికొన్ని ఫొటోలు తీసి, తాడు పట్టుకుని వెనక్కి వచ్చేశాను.

ఒడ్డున టార్పాలిన్ నీడలో నేనూ, ఏసుబాబూ, ప్రమీలా కూర్చుని కంప్యూటర్‌లో ఫొటోలు తెరిచాం. కంటికి కనపడనిది ఫ్లాష్ వెలుగులో లెన్స్‌కి కొంత కనపడుతుంది. మూడో స్తంభం ఫొటోలు ఒక్కొక్కటే జరుపుతున్నాను. ఒక ఫొటోలో నేల అడుగున ఉంది, కాంక్రీటు పైన కప్పులా పరుచుకుని ఉంది. ఏదో తలకిందులుగా తీశానేమో అనుకున్నాను. నా బుడగలు ఆ కాంక్రీటుకు కిందివైపు అతుక్కుని మెరుస్తున్నాయి. బుడగలు పైకే కదా పోతాయి.

ఆ కాంక్రీటు స్తంభాన్ని మోసే పునాది దిమ్మ. కింద ఇసుక కొట్టుకుపోయి గుహలా అయింది. నేను తిరిగింది స్తంభం చుట్టూ కాదు, స్తంభం కింద. సిలిండరుకి తగిలింది దుంగ కాదు, వంతెన.

ఏసుబాబు "దీని కిందకా వెళ్లారు?" అని మాత్రం అన్నాడు. సరిగ్గా అప్పుడే, మా తలల మీదుగా పల్లె నుంచి ఒక బస్సు వంతెన ఎక్కింది. మేం ముగ్గురం దాన్నే చూస్తుండిపోయాం. అది అవతలి ఒడ్డు దాటాక ప్రమీల జీపు దగ్గరకి పరుగెత్తింది.

రోడ్డు మూసే అధికారం అసిస్టెంట్ ఇంజనీరుకి లేదు. పై అధికారి అయిన ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు రాతపూర్వకంగా ఆదేశించాలి. ఆమె ఆ మాటే ఎత్తకుండా జీపుని వంతెన మొదట్లో అడ్డంగా పెట్టించి, ఏసుబాబుని అవతలి కొసకి పంపింది. కాసేపటికే రెండువైపులా బళ్లు ఆగిపోయాయి. ఒక లారీ డ్రైవరు కిందకి దిగి తిట్టాడు. బస్సు కండక్టరు "పిల్లలకి పరీక్షలున్నాయి మేడమ్, ఎవరాపమన్నారు?" అని గట్టిగా అడిగాడు.

"నేనే ఆపానండి. స్తంభం కింద ఏమీ లేదు. జనాన్ని బస్సు దింపి నడిపించడానికి కూడా ఒప్పుకోను."

ప్రమీల ఫోన్ చేస్తే ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు గారు కోపంగానే వచ్చారు. ఫొటో చూసి, "ఈ లెన్స్ అన్నిటినీ వంచి, దగ్గరవి పెద్దవి చేసి చూపిస్తుంది కదండీ. జానెడు సందు గుహలా కనపడుతుంది. దీన్ని చూసి రోడ్డు మూస్తే నేనేం జవాబు చెప్పాలి?" అన్నారు. ఆయన అన్నదాంట్లో తప్పులేదు. వెడల్పు లెన్స్ స్వభావం అదే. ఫొటోలో కొలతకి ఆధారమేమీ లేదు.

కాబట్టి మళ్లీ దిగాలి. సర్వేలో వాడే ఎరుపు, తెలుపు పట్టీల కర్ర ఒకటి తీసుకున్నాను. ఈసారి కిందికి వెళ్లనని, అంచు దగ్గరే ఉంటానని ఏసుబాబు నా దగ్గర మాట తీసుకున్నాడు. తెలియక వెళ్లినప్పుడు లేని భయం తెలిసి వెళ్తుంటే పట్టుకుంది. పైన బళ్లు లేవు. నా ఊపిరి చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. అంచు దొరికాక కర్రని లోపలికి తోశాను. ఎక్కడో ఒకచోట తగలాలని కోరుకుంటూనే తోశాను. రెండు మీటర్ల కర్ర, నా మోచేయి కూడా లోపలికి పోయినా కొస దేనికీ తగల్లేదు. పట్టీలు పడేలా వరసగా ఫొటోలు తీశాను.

ఆ ఫొటోల్లో పట్టీలు ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు గారు ఒక్కొక్కటే లెక్కపెట్టుకున్నారు. తర్వాత, "పొద్దున నేనూ దీనిమీదుగానే వచ్చాను" అన్నారు. అక్కడే జీపు బానెట్ మీద కాగితం పెట్టుకుని, వంతెన మూసివేత ఆదేశం రాసి సంతకం చేశారు.

ఆ వర్షాకాలం మొదటి పెద్ద వరదకి మూడో స్తంభం ఒకవైపు కుంగి, దానిమీది రోడ్డు రెండు ముక్కలుగా వాగులో పడింది. ప్రమీల ఫోన్ చేసి చెప్పింది. అప్పటికి నెలల తరబడి దానిమీద మనుషులు లేరు. ఆమెకి అధికార పరిధి దాటినందుకు సంజాయిషీ నోటీసు వచ్చిందని, వరద తర్వాత దాన్ని వెనక్కి తీసుకున్నారని కూడా ఆ ఫోన్‌లోనే తెలిసింది.

పాత ఫొటోల్లో అబద్ధమేమీ లేదు. తీసినంత మేర కాంక్రీటు గట్టిదే. అది దేనిమీద నిలబడిందో ఆ ఫొటోలు తీసినవారిని ఎవరూ అడగలేదు. ఆ తర్వాత మిగిలిన రెండేళ్లూ, ఏ స్తంభానికైనా మొదటి ఫొటో పునాది నేలని తాకే చోట, వెడల్పు లెన్స్‌తో, కొలకర్ర పెట్టి తీశాను. పగుళ్ల ఫొటోలు ఆ తర్వాతే.