అందరి చెంప మీదా ఒకటే మచ్చ

ఆ కెమెరాలోకి నోటితో ఊదింది నేనేనని ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

సునామీ తర్వాత మా దీవిలోనే ఫీనిక్స్ బేలో స్టూడియో మావయ్య దగ్గర పనిచేశాను. కాగితాలన్నీ సముద్రంలో పోయినవాళ్లు కొత్త గుర్తింపు కార్డుల కోసం ఫొటోలకు వచ్చేవారు. కెమెరా లోపల బొమ్మ పడే సెన్సర్ మీది దుమ్ము తీయడం మావయ్యకు పూజతో సమానం. ఫ్యాన్ ఆపి, ముక్కుకు రుమాలు కట్టుకుని, కెమెరాను బోర్లా పట్టి, రబ్బరు బుడ్డితో కింది నుంచి గాలి కొట్టేవాడు. అంతసేపూ మా ఊపిరి కూడా బిగపట్టించేవాడు.

ఒకరోజు లెన్స్ విప్పాక ఎవరో పిలిస్తే బయటికెళ్లాడు. సాయం చేద్దామని నేను నోటితో ఊదాను, తుంపర లోపల పడింది. ఆ పూట ఫొటో దిగిన పదకొండు మందికీ ఎడమ చెంప మీద ఒకే చోట మచ్చ!

"అరే, అందరూ ఒక్క ఇంటోళ్లలా ఉన్నారేటి!" అన్నాడు మావయ్య.

ఆఫీసువాళ్లు ఆ ఫొటోలు తిప్పి పంపేశారు. కార్డులు ఆగిపోయాయి. "ఉప్పుగాలి పని భయ్యా" అని అందరికీ సర్దిచెప్పి, సెన్సర్ శుభ్రం చేసుకుని, వాళ్లుంటున్న మిన్నీ బే సహాయ శిబిరానికి వెళ్లి మళ్లీ తీశాడు.

మూడేళ్లకు నేను మెయిన్‌ల్యాండ్ ఓడ ఎక్కుతుంటే, జెట్టీ మీద ఆ రబ్బరు బుడ్డి నా చేతిలో పెట్టాడు.

"ఉంచుకో బేటీ. అక్కడ మాత్రం ఉప్పుగాలి నోట్లోంచి వదలకు, సమఝీ?"