మాస్టారి సైకిలు చెయిను

పంటకాలువలో పూడిక తీస్తున్నారు. ఆ నల్లమట్టి వాసన తగలగానే నా సైకిలు దానంతట అదే నెమ్మదించింది. డాక్టరు చెప్పాడని ఈ వయసులో మళ్ళీ తొక్కుతున్నాను. అమలాపురంలో మా వీధివాళ్ళు ఆదివారం పొద్దున్నే సైకిళ్ళు తీసి, మంచి దారులు మీకే తెలుసండీ అంటూ నన్ను ముందు పెడతారు. తెలియకేం. అవన్నీ కరుణాకరం మాస్టారు చూపించినవే. ఎందుకు చూపించారో మాత్రం వాళ్ళకి చెప్పలేదు. చెబితే వాళ్ళ ఆదివారం పాడవుతుంది.

అంబాజీపేట దగ్గర ఒక ఊరి చివర మా క్రైస్తవుల పేట. తాతల నాడే మతం మారింది గానీ, ఊరి లెక్కలో మా కులం మారలేదు. మాస్టారూ మా పేటవారే, డెబ్బైలలో అక్కడి బడిలోనే పాఠాలు చెప్పేవారు. హైస్కూలుకి నడవలేక ఆడపిల్లలు చదువు మానేస్తుంటే, మా నాన్నను ఒప్పించి నాకు పాత సైకిలు కొనిపించింది ఆయనే. తొక్కడం నేర్పారు. పొద్దున్న ఏ గట్టు మీద నీడ పడుతుందో, వాన పడితే ఎక్కడ జిగురుమట్టి చక్రాలకు అతుక్కుంటుందో, ఏ డొంకలో కొబ్బరిపీచు పరుచుకుని మెత్తగా ఉంటుందో అన్నీ చూపించారు. ఊరి పెద్దవీధిలోంచి వెళితే సగం దూరమే. "గట్టు మీద గాలి బాగుంటుందమ్మా," అనేవారు. నమ్మాను.

తప్పనిసరై ఆయన పెద్దవీధిన పోవలసి వస్తే, సరిగ్గా వీధి మొదట్లో చెయిను ఊడిపోయేది. దిగి, చివరిదాకా నడిపించుకుపోయి, అక్కడ ఎక్కేవారు. ఎంత పాడు సైకిలో అని పిల్లలం నవ్వుకునేవాళ్ళం.

నా పదో తరగతి పరీక్షల ఏడు కాలువకి నీళ్ళు ముందే కట్టేసి, తీసిన పూడికంతా గట్టు మీదే పోశారు. పరీక్ష రోజు చూస్తే చక్రం దిగబడేంత బురద. తోడొచ్చిన మాస్టారు చేసేది లేక పెద్దవీధి వైపు తిప్పారు. వీధి మొదట్లో దిగిపోయారు.

"దిగమ్మా. చెయిను ఊడిందనుకో."

"ఊడలేదండి."

"అనుకోమంటున్నాను కదా."

అరుగు మీద పేపరు చదువుకుంటున్న పెద్దమనిషి తలెత్తాడు. "ఏం మాస్టారూ, మళ్ళీ ఊడిందా?"

"ఆయ్, ఊడిందండి."

"పాపదీ ఊడినట్టుందే."

అరుగంతా నవ్వింది. ఊరందరికీ తెలిసిన నాటకం అది. తెలియనిది మా పేట పిల్లలకే. ఆ రోజు పరీక్షలో ఏం రాశానో నాకే తెలియదు. తిరిగి వస్తూ అడిగాను, ఎవరైనా దిగమన్నారా అని.

"కుర్రాణ్ణప్పుడు ఒకసారి కాలరు పట్టుకుని దించేరమ్మా. రెండోసారి ఆ అవకాశం వాళ్ళకివ్వలేదు. నేనే దిగుతున్నాను."

ఆ గొంతులో కాస్త గర్వం కూడా ఉంది. నాకు ఒళ్ళు మండింది. దించినవాళ్ళ మీద ఎంత మండిందో, దిగిన ఆయన మీదా అంతే మండింది.

కొన్నేళ్ళకు రామచంద్రపురంలో టీచరుగా చేరాను. మొదటి సెలవులకి వచ్చినప్పుడు, ఒక సాయంత్రం సైకిలు తీసి పెద్దవీధి నడిమధ్యన బెల్లు కొట్టుకుంటూ పోయాను. అరుగు మీద అదే పెద్దమనిషి. కళ్ళద్దాలు సర్దుకుని చూసి, మళ్ళీ పేపర్లో తల దూర్చాడు. అంతే. తగువుకని కూడబెట్టుకున్న మాటలన్నీ నా నోట్లోనే ఉండిపోయాయి.

తిన్నగా మాస్టారింటికి పోయాను. పెరట్లో చెయినుకి నూనె వేస్తున్నారు. సంగతి చెప్పాను. సంతోషిస్తారనుకున్నాను.

"ఎవరూ ఏమీ అనలేదా?"

"లేదండి."

"అరుగు మీద ఎవరూ లేరేమో."

"ఆయనే ఉన్నారండి. చూసేరు కూడా."

నూనెడబ్బాకి మూత పెట్టి, పెడలు చేత్తో ఒకసారి తిప్పారు.

"ఎప్పట్నుంచి దించడం మానేసేరో మరి," అన్నారు. "చెప్పనేలేదు."

ఆ తర్వాత ఆయన సైకిలెక్కగా నేను చూడలేదు. కోపం పోయిందా అంటే, పోలేదు. ఎవరి మీదో చెప్పడమే కష్టమైంది.

ఈ రోజు మా ఊరి గట్టంతా పూడికమట్టే. పెద్దవీధికి సిమెంటు రోడ్డు వేశారటండీ, అటు పోదాం అన్నారు మావాళ్ళు. సరేనన్నాను. వీధి మొదట్లోకి రాగానే నా కాలు నేలకి ఆనింది.

"ఏమైందండీ?" అని అడిగారు వెనకనుంచి వస్తున్న బ్యాంకు మేనేజరు గారు.

"చెయిను ఊడినట్టుందండి," అన్నాను.