పిసాక్ మెట్ల మీద ఏకాదశి

మాది నాంపల్లి. ఆబిడ్స్‌లో గుమాస్తాగా పనిచేసి రిటైరయ్యాక, నా భార్య విమలతో కలిసి ఒక యాత్రా బృందంలో పెరూ వెళ్లాను. రోజూ పొద్దున్నే డైరీలో తిథి రాసి పైకి చదవడం నా అలవాటు. ఆ రోజు "ఇయ్యాల ఏకాదశి" అన్నాను. అంతే, విమల నీళ్లు కూడా ముట్టలేదు.

పిసాక్ అనే ఊళ్లో, పూర్వం ఇంకా జాతివాళ్లు కొండను మలిచి కట్టిన పొలాల మెట్లు, దిగువన నది, చుట్టూ కొండలు చూస్తూ తీరిగ్గా ఎక్కుతున్నాం. ఆ ఎత్తులో అందరికీ ఆయాసమే. విమల మాత్రం ఉన్నట్టుండి కూలబడింది. పెదవులు పాలిపోయాయి. మా బృందం అప్పటికే ముందుకు వెళ్లిపోయింది. నాకు అక్కడి భాష రాదు. శాలువాలు అమ్మే ఒక ముసలామె పరుగున వచ్చి, చక్కెర కలిపిన ఆకుల టీ తాగించబోయింది. విమల మొహం తిప్పుకుంది.

"జర తాగవే!" అన్నాను.

"ఏకాదశి గదా, వద్దు."

వాచీ చూసి లెక్కేశాను. హైదరాబాదులో అప్పుడు రాత్రి పది. అయినా అబద్ధమాడాను.

"మన కాడ తెల్లారింది. ద్వాదశి వచ్చింది. తాగు."

నన్నొకసారి చూసి, తాగేసింది. అరగంటకు తేరుకుంది.

కొండ దిగుతూ నా చెయ్యి పట్టుకుని, "తెల్లారలేదని నాకు ఎర్కనే. మీరు గట్ల ఏడుస్తుంటే సూడలేక తాగిన," అంది.

నేను ఏడ్చానని నాకు అప్పటిదాకా తెలియదు. ఇన్నేళ్లూ తిథులు చెబుతూనే ఉన్నాను. ఆకలేస్తుందా అని ఆమెను ఒక్కనాడూ అడగలేదు.