మైకులో మూడు వేలు, మైదానంలో నలభై ముగ్గురు

ఈరోజు సాయంత్రం గోదావరిఖనిలో మా గని జట్టు ఫుట్‌బాల్ ఆడింది. బొగ్గు పెళ్ల పడి కాలు విరిగి, ఏడాదిపాటు మంచాన ఉన్న మా బావ మళ్లీ గోల్ కీపర్‌గా దిగుతున్నాడని, షిఫ్టు కాగానే నేరుగా మైదానానికి వెళ్లాను. చూడటానికి వచ్చినవాళ్లం నలభై ముగ్గురం. రెండుసార్లు లెక్కపెట్టాను. క్లబ్బు కార్యదర్శి మాత్రం మైకులో "మూడు వేల మంది ప్రేక్షకులకు స్వాగతం" అన్నాడు.

ఒళ్లు మండింది. "మూడు వేల మంది ఏడున్నరన్నా? నాకు కనవడ్తలేరు" అని కార్యదర్శినే అడిగాను.

"మేనేజరు దొరకు గట్లనే చెప్పాలె తమ్మీ. నలభై మందంటే వచ్చే ఏడు ఆటే బందు పెడ్తరు."

ఆట ముగిశాక బావ కుంటుతూ వచ్చి, "నాకు నీ ఒక్కని లొల్లే ఇనవడ్డది బామ్మర్దీ" అన్నాడు.

ఆ మూడు వేల లెక్కలో మీరూ ఉన్నారు కదా, వచ్చే ఆదివారం ఆటకు నిజంగానే వస్తారా?