పోలమ్మ నాటకానికి ఏడ్చింది

శ్రీకాకుళం జిల్లాలో సహాయ పౌరసంబంధాల అధికారిగా చేరిన రెండో ఏడు, తుఫాన్ల కాలానికి ముందు, తీరపు ఊళ్లలో కళాజాత నడిపించే పని నాకు అప్పజెప్పారు. కళాజాత అంటే పాటలతో, నాటకంతో ప్రభుత్వం మాట జనానికి చేరవేసే బృందం. మా నాటకంలో ఒక మత్స్యకారుడు హెచ్చరిక పెడచెవిన పెట్టి వేటకెళ్లి తిరిగిరాడు. చివర్లో భార్య ఒడ్డున కూలబడి ఏడుస్తుంది. జాగ్రత్తలు చెప్పి రమ్మంటే జనాన్ని ఏడిపించి వస్తారా, ఆ సీను తగ్గించండి అన్నారు పై అధికారి. సబబే కదా అనుకున్నాను.

ఒక ఊళ్లో మైకు కడుతుండగా ఊరిపెద్ద పక్కకి పిలిచాడు. పోలమ్మ అనే ఆవిడ మొగుడు వేటకెళ్లి నెలలు గడిచాయట, శవం దొరకలేదట. ఏడిస్తే అతను పోయాడని ఒప్పుకున్నట్టేనని ఆమె కంట తడి పెట్టడం లేదు. తిండి సయించక చిక్కి శల్యమైంది. విని నాకు భయమేసింది. ఆ సీను మొత్తం ఎత్తేస్తానన్నాను.

"వొద్దు బాబూ, ఉండనీండి" అన్నాడాయన.

పోలమ్మ అత్తతో వచ్చి ముందు వరసలోనే కూర్చుంది. వేదిక మీద ఏడుపు మొదలవగానే ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఉన్నట్టుండి పోలమ్మ గుండెలు బాదుకుంటూ బావురుమంది. ఓరి దేవుడా, కొంప మునిగిందనుకుని మైకు ఆపమని సైగ చేశాను. భార్య వేషం వేసిన విజయనగరం నటి నన్ను లెక్కచేయలేదు. పోలమ్మ అలిసిపోయేదాకా తనూ ఏడుస్తూనే ఉంది.

ఆట అయ్యాక వెళ్లి తప్పయిపోయిందమ్మా అన్నాను. ఆమె కస్సుమంది.

"తప్పేటి బాబూ? ఆ ఆడకూతురు ఏడిసింది, నానూ ఏడిసేను. నాటకానికి ఏడిసేను. నా మొగుడికి కాదు, ఆడొస్తాడు."

తర్వాత అత్త వైపు తిరిగి, "ఆకలేస్తన్నాది" అంది. ఆ ముసలామె చెయ్యి పట్టుకుని గబగబా ఇంటికి తీసుకుపోయింది.

మర్నాడు పక్క ఊళ్లో మేం మైకు కట్టేసరికే పోలమ్మ వచ్చి ముందు వరసలో కూర్చుని ఉంది.

పదవీ విరమణ దాకా నేను వేయించిన ఏ నాటకంలోనూ ఏడుపు సీను తగ్గించలేదు. తన దుఃఖాన్ని బయటపెట్టలేని మనిషికి మరొకరి దుఃఖం చాటు కావాలి. జనం మన మాట వినడానికే నాటకానికొస్తారనుకోవడం ఉద్యోగస్తుల భ్రమ.